పాత కారు మిస్సింగ్, చెక్ ఇంజన్ లైటు: విగేట్ ఐకార్ ప్రో అడాప్టర్‌ను ఏడాది వాడిన తర్వాత

మా కారు 2013 చివర్లో తయారైన నాలుగు సిలిండర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ఇప్పటికి 1,20,000 కిలోమీటర్లకు పైగా తిరిగింది. నెల్లూరులోని మాగుంట లేఅవుట్ నుంచి బుచ్చిరెడ్డిపాళెంలో నేను పాఠాలు చెప్పే కళాశాలకు వారానికి ఆరు రోజులు అందులోనే వెళ్ళి వస్తాను. నిరుడు కార్తీకమాసంలో, ఈశాన్య రుతుపవనాల వానలు విడవకుండా పట్టుకున్న వారంలో, పొద్దున పూట మాత్రమే ఇంజన్ మిస్సింగ్ కొట్టడం మొదలైంది. రెండో గేరులో యాక్సిలరేటర్ తొక్కగానే బండి వెనక్కి పట్టినట్టు కుదుపులిచ్చేది, ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ వణికేది, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన వచ్చేది. మధ్యాహ్నం ఎండ కాసి తిరుగు ప్రయాణమయ్యే వేళకు ఏ జబ్బూ లేనట్టు నడిచేది. నాలుగో రోజున పెన్నా వంతెన దాటి ముంబయి రోడ్డు ఎక్కిన కాసేపటికి చెక్ ఇంజన్ లైటు వెలిగి, వెలిగినది నిలకడగా ఉండక మిణుకుమిణుకుమనసాగింది.

ఆ లైటు నిలకడగా వెలగడానికీ మిణుకుమనడానికీ తేడా చాలా ఉంది కనుక, కారు కంప్యూటర్‌లోని సమాచారాన్ని ఫోన్‌లో చూపే ఈ అడాప్టర్ సంగతికి ముందే దానిని చెప్పడం అవసరం. నిలకడగా వెలిగితే ఏదో లోపం నమోదైందని, వీలు చూసుకుని పరీక్ష చేయించమని అర్థం. మిణుకుమంటే మాత్రం ఏదో ఒక సిలిండర్‌లో మండకుండా మిగిలిన పెట్రోలు సైలెన్సర్ గొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతున్నదని, లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోయేంత వేడి పుట్టవచ్చని అర్థం. అప్పుడు చేయవలసినది కాలు తేలిక చేసి, వీలైనంత త్వరగా బండిని పక్కన ఆపడమే. కన్వర్టర్ పాడైతే అయ్యే ఖర్చు ముందు, సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించే కాయిల్, ప్లగ్గుల ఖర్చు ఏపాటిదీ కాదు.

ఆ రోజు నేను ఊళ్ళోని ఒక షెడ్డుకు బండిని తీసుకువెళ్ళాను. అక్కడి కుర్రవాడు స్కానర్ పెట్టి, తెర మీద పి0301 (మొదటి సిలిండర్‌లో మిస్ఫైర్, అంటే పెట్రోలు మండకపోవడం), పి0171 (లీన్, అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువ కావడం) అనే రెండు లోపాల కోడ్‌లు కనిపించగానే వాటిని చెరిపేసి, "లీన్ అని చూపిస్తా ఉండాది సార్, ఆక్సిజన్ సెన్సార్ పోయింది, అది మార్చేస్తే రెండూ పోతాయి" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. సెన్సారుకూ కూలికీ కలిపి దాదాపు 5,000 రూపాయలయింది. రెండు రోజులు వాన లేదు, బండి బాగానే నడిచింది. మూడో రోజు చినుకు పడింది, మిస్సింగ్ మళ్ళీ వచ్చింది. నన్ను ఎక్కువగా బాధించినది పోయిన డబ్బు కాదు. కోడ్‌ను చెరిపినప్పుడు దానితోపాటు ఏమేమి చెరిగిపోయాయో ఆ కుర్రవాడికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. సొంతంగా ఒక అడాప్టర్ కొనాలన్న నిర్ణయానికి నేను వచ్చింది అప్పుడే.

మొదట ఆన్‌లైన్‌లో 400 రూపాయలకు దొరికే నీలి రంగు బుల్లి అడాప్టర్ ఒకటి తెప్పించాను. దాని మీద ఈఎల్ఎమ్ 327, వెర్షన్ 2.1 అని ముద్రించి ఉంది. ఈ పేరు వెనుక ఉన్న సంగతి కొనేవారు తెలుసుకోవాలి. ఈఎల్ఎమ్ 327 అనేది కెనడాకు చెందిన ఈఎల్ఎమ్ ఎలక్ట్రానిక్స్ తయారు చేసిన చిప్పు. ఆ సంస్థ 2022లో మూతపడింది. మార్కెట్‌లో ఆ పేరుతో అమ్ముడయ్యే చౌక అడాప్టర్లలో అత్యధిక భాగం నకలు చిప్పులే. 1.5 అనే వెర్షన్‌ను ఆ సంస్థ ఎన్నడూ విడుదల చేయనే లేదు, అయినా ఆ సంఖ్య వేసుకున్న పెట్టెలు కుప్పలుగా అమ్ముడవుతున్నాయి. 2.1 అని రాసుకున్న నకళ్ళలో చాలావాటికి అసలు చిప్పు అర్థం చేసుకునే ఆదేశాలు కొన్ని తెలియవు. నేను తెప్పించినది కోడ్ చదివింది కాని, నడుస్తున్న ఇంజన్ నుంచి నాలుగు విలువలు ఒకేసారి అడిగితే అర నిమిషానికి సంబంధం తెంచుకునేది. దానిని తిప్పి పంపి, విగేట్ ఐకార్ ప్రోలో బ్లూటూత్ 4.0 రకాన్ని తెప్పించాను. రెండున్నర వేల రూపాయల లోపే అయింది. ఐఫోన్ వాడేవారు ఈ బ్లూటూత్ 4.0 అన్న మాటను తప్పక చూసుకోవాలి, ఎందుకంటే పాత తరహా బ్లూటూత్ అడాప్టర్లు ఆ ఫోన్లతో కలవవు.

వాడకం సులభం. స్టీరింగ్ కింద, డ్రైవరు మోకాలి దగ్గర ఉండే 16 పిన్నుల సాకెట్‌లో దీనిని గుచ్చి, తాళం ఆన్ చేసి, ఫోన్‌లో కార్ స్కానర్ అనే యాప్ తెరిస్తే చాలు. మా కారుతో నిమిషం లోపే కలిసింది, ఏడాదిలో నడుమ తెగిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అయితే కోడ్ చదవడం ఒక్కటే కావాలనుకునేవారికి ఇంత డబ్బు పెట్టవలసిన అవసరం లేదు. కోడ్ అన్నది ఎక్కడ నొప్పి పుట్టిందో చెబుతుంది, ఏ భాగాన్ని మార్చాలో చెప్పదు. ఈ పరికరానికి నేను విలువ ఇచ్చేది కోడ్ వెనుక ఉన్న రెండు విషయాలను తెరిచి చూపినందుకు. మొదటిది ఫ్రీజ్ ఫ్రేమ్, రెండోది నడుస్తుండగా కనిపించే లైవ్ డేటా.

ఫ్రీజ్ ఫ్రేమ్ అంటే లోపం నమోదైన క్షణంలో ఇంజన్ ఏ స్థితిలో ఉందో, ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్ అయిన ఈసీయూ తీసి ఉంచుకున్న ఛాయాచిత్రం వంటిది. వాన పడ్డ ఆ ఉదయం పి0301 మళ్ళీ పడినప్పుడు నేను చెరపకుండా ముందు దానిని చదివాను. వేగం గంటకు 38 కిలోమీటర్లు, ఇంజన్ 1,700 ఆర్‌పీఎమ్, లోడు 76 శాతం, కూలెంట్ ఉష్ణోగ్రత 54 డిగ్రీలు అని ఉంది. ఈ నాలుగు అంకెలే చాలా సంగతులు చెప్పాయి. ఇంజన్ ఇంకా పూర్తిగా వేడెక్కలేదు, అయినా దాని మీద బరువు బాగా పడింది. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు ప్లగ్గు కొసల మధ్య నిప్పురవ్వ దూకడానికి కావలసిన వోల్టేజీ కూడా పెరుగుతుంది. ఎక్కడైనా ఇన్సులేషన్ బలహీనంగా ఉండి, దాని మీద తడి కూడా చేరితే, ఆ విద్యుత్తు ప్లగ్గు కొసకు వెళ్ళడం మాని దగ్గరి దారిలో ఇంజన్ ఇనుములోకి దూకేస్తుంది. ఇంజన్ కాగాక తడి ఆరిపోతుంది, జబ్బు మాయమవుతుంది. వానకూ పొద్దుటి పూటకూ ఉన్న ముడి నాకు అర్థమైనది ఈ అంకెలు చూశాకే. మొదటి షెడ్డులో చెరిగిపోయిన సాక్ష్యం కూడా సరిగ్గా ఇదే.

ఇక పి0171, అంటే మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందనే ఫిర్యాదు. ఆక్సిజన్ సెన్సార్ కొలిచేది పెట్రోలును కాదు, పొగలో మిగిలిన ప్రాణవాయువును. ఒక సిలిండర్‌లో మంట అంటుకోకపోతే అక్కడి గాలి వాడకానికి రాకుండా అలాగే బయటకు వచ్చేస్తుంది. దానిని చూసిన సెన్సార్ పెట్రోలు చాలడం లేదని చెబుతుంది, ఈసీయూ నమ్మి నాలుగు సిలిండర్లకూ పెట్రోలు పెంచుతుంది. మా కారులో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే సవరణ అంకె అప్పటికి 18 శాతం దాకా ఎక్కి ఉంది. అంటే ఆ సెన్సార్ తన పని తాను సరిగ్గా చేసింది, తనకు కనిపించినది చెప్పింది. మిస్ఫైర్ కోడ్, లీన్ కోడ్ రెండూ కలిసి వచ్చినప్పుడు ముందు మిస్ఫైర్ సంగతి తేల్చుకోవాలి. నా 5,000 రూపాయలు ఈ వరుస తప్పినందుకు పోయినవే.

లీన్ కోడ్ కనబడగానే చాలామంది మెకానిక్కులు వాక్యూమ్ లీకేజీ కోసం గొట్టాలన్నీ తడుముతారు. అది తప్పు కాదు, కాని బండి గాలిని ఏ పద్ధతిలో కొలుస్తుందో ముందు చూడాలి. ఎయిర్ ఫిల్టర్ తర్వాత ఎంఏఎఫ్ సెన్సార్ ఉండి, లోపలికి వచ్చే గాలిని నేరుగా కొలిచే కార్లలో, ఆ సెన్సార్ దాటాక గొట్టం పగిలితే లెక్కకు రాని గాలి చేరుతుంది. అప్పుడు ట్రిమ్ ఐడిలింగ్‌లో బాగా పైకి పోయి, 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర దిగివస్తుంది. మా కారులో ఉన్నది మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టం) పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సార్. ఇటువంటి బండిలో లీకైన గాలి కూడా పీడనంలో లెక్కకు వస్తుంది కనుక ట్రిమ్ అంతగా కదలదు, ఐడిలింగ్ వేగం పెరుగుతుంది. నా కారు ఐడిలింగ్ సరిగ్గానే ఉంది. అందుచేత ఆ దారిలో వెతుకులాట అవసరం లేకపోయింది. ఈ తేడాను ఎవరూ చెప్పకపోవడం వల్ల పాత కార్ల గొట్టాలు అకారణంగా మారిపోతున్నాయని నా గట్టి అభిప్రాయం.

ఈ అంకెలన్నీ కాగితం మీద రాసుకుని ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళుగా పెట్రోలు బండ్లు మాత్రమే చూస్తున్న ఒక పెద్దాయన షెడ్డుకు వెళ్ళాను. ఆయన దగ్గర స్కానర్ లేదు. కాగితం చదివి, "మొదటి సిలిండర్ ఒకటే, వానకు మాత్రమే అంటున్నావు గదా సార్, అయితే నీళ్ళు పోసి చూస్తాం" అన్నారు. సాయంత్రం మసక పడ్డాక ఇంజన్ ఆన్‌లో ఉంచి, పూలమొక్కలకు చల్లే స్ప్రే సీసాతో మొదటి కాయిల్ చుట్టూ మంచులాగా నీళ్ళు చల్లారు. కాయిల్ అడుగున సన్నని నీలి మెరుపు కళ్ళకు కనిపించింది, ఆ వెంటనే ఇంజన్ కుంటింది. ఆ మెరుపున్న చోటికి చెయ్యి పోనీయకూడదు, అక్కడ ఉండేది వేల వోల్టులు. తర్వాత ఇంజన్ ఆపి మొదటి కాయిల్‌ను మూడో సిలిండర్‌కు, మూడోదాన్ని మొదటిదానికి మార్చి, నేను అడాప్టర్‌తో కోడ్ చెరిపాక మళ్ళీ నీళ్ళు చల్లి, పక్క సందులో నాలుగుసార్లు బండి తిప్పారు. ఈసారి పడిన కోడ్ పి0303. జబ్బు కాయిల్‌తోపాటు కదిలింది, కాబట్టి ఇంజెక్టర్, కంప్రెషన్ రెండూ నిర్దోషులని తేలిపోయింది. చేతి పనిముట్లు తప్ప మరేమీ అక్కరలేని ఈ అదలుబదలు పరీక్షకు 20 నిమిషాలు పడుతుంది. కాయిల్ మీద అనుమానం వచ్చిన ప్రతి బండికీ కొత్త కాయిల్ కొనేముందు ఇది చేసి తీరాలి.

కాయిల్ విప్పి చూస్తే అడుగున ఉండే రబ్బరు బూటు మీద వెంట్రుకంత చీలిక, ప్లగ్గు తెల్ల పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిలు గీతలాంటి నల్లని చార ఉన్నాయి. ఆ చార ఒకసారి పడితే విద్యుత్తుకు అదే శాశ్వతమైన దారి అవుతుంది కనుక బూటు ఒక్కటే మారిస్తే సరిపోదు, ప్లగ్గు కూడా మార్చాలి. అయినా నాలుగు కాయిళ్ళలో మొదటిదే ఎందుకు పోయిందన్న ప్రశ్న మిగిలింది. దానికి జవాబు కూడా ఆయనే చూపించారు. ముందు అద్దం కింద, బానెట్ అంచుకు ఉండే రబ్బరు బీడింగ్ పన్నెండేళ్ళ నెల్లూరు ఎండకు ఎండి బీటలువారింది. వాన నీరు అక్కడి నుంచి సరిగ్గా మొదటి కాయిల్ నెత్తిన చుక్కచుక్కగా పడుతున్నది. కాయిల్‌కు రెండు వేల పైచిలుకు, నాలుగు ప్లగ్గులకు, బీడింగ్‌కు, కూలికి కలిపి 4,000 రూపాయల లోపే అయింది.

మరమ్మతు తర్వాత నేను కోడ్ చెరిపి ఊరుకోలేదు. ఈ యాప్‌లో సిలిండర్ల వారీగా మిస్ఫైర్ల లెక్క చూపే ఒక పుట ఉంది. ఈసీయూ క్రాంక్ (ఇంజన్ ఇరుసు) సెన్సార్ సాయంతో ప్రతి మంటకూ క్రాంక్ ఎంత వేగం పుంజుకుంటున్నదో కొలుస్తూ, పుంజుకోని ప్రతిసారీ ఒకటి చొప్పున కూడుకుంటుంది. లెక్క హద్దు దాటాకే కోడ్ పడుతుంది కనుక, లైటు వెలగకముందే అనారోగ్యం ఇక్కడ కనిపిస్తుంది. కాన్ అనే కొత్త తరహా పద్ధతిలో అడాప్టర్‌తో మాట్లాడే కార్లలో చాలావాటికి ఇది అందుతుంది. మరమ్మతైన తర్వాత కురిసిన మూడు వానల్లోనూ నాలుగు సిలిండర్ల లెక్కా సున్నాగానే నిలిచింది. ట్రిమ్ పది రోజుల్లో 18 నుంచి 5 శాతానికి దిగింది. ఆ మిగిలిన 5 శాతం గురించి కంగారుపడలేదు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు పూర్తిగా మండడానికి మామూలు పెట్రోలుకంటే కాస్త ఎక్కువ పరిమాణం కావాలి. పాత కారు ఈసీయూ ఆ తేడాను ట్రిమ్ పెంచి సర్దుకుంటుంది.

ఒంగోలులో ఉంటున్న మా బావమరిది కారు కథ వేరు. అది 2008 నాటిది. మన దేశంలో కార్లకు మొదటి దశ ఓబీడీ (బండి తన లోపాలను తానే గమనించి నమోదు చేసుకునే ఏర్పాటు) 2010 ఏప్రిల్‌లోనూ, మిస్ఫైర్లను కూడా గమనించే రెండో దశ 2013 ఏప్రిల్‌లోనూ తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు కార్లలో సాకెట్ ఉన్నా, లోపల ఏం దొరుకుతుందో ఆ తయారీ సంస్థ ఇష్టం. కనుక పి0301 వంటి కోడ్ రాలేదంటే మిస్సింగ్ లేదని అనుకోకూడదు. ఆ కారు కె-లైన్ అనే పాత పద్ధతిలో మాట్లాడుతుంది. చౌక అడాప్టర్లలో కొన్ని దానితో అసలు కలవవు. ఇది కలిసింది గాని విలువలు చాలా నిదానంగా వచ్చాయి. ఒకేసారి మూడు విలువలకు మించి అడగకపోవడం మంచిది.

ఆయన ఫిర్యాదు మైలేజీ పడిపోవడం, ప్లగ్గులు నల్లగా మసిబారి మిస్సింగ్ కొట్టడం. కోడ్ ఒక్కటీ లేదు. పొద్దున్నే తాళం ఆన్ చేసి చూస్తే బయటి గాలి 28 డిగ్రీలు, కూలెంట్ 23 డిగ్రీలు అని చూపింది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఈ రెండూ సమానంగా ఉండాలి, కాని 5 డిగ్రీల తేడాను ఎవరు పట్టించుకుంటారు? అరగంట నడిపి చూస్తే, చేత్తో ముట్టుకోలేనంతగా ఇంజన్ కాగి ఉంటే, అడాప్టర్ మాత్రం కూలెంట్ 52 డిగ్రీలని చెప్పింది. ఈసీయూ ఇంజన్ ఇంకా చల్లగా ఉందని నమ్మి, పెట్రోలును అదనంగా పోస్తూనే ఉంది. ఫ్యానుకు వేరే స్విచ్ ఉండడం వల్ల ఇంజన్ పాడు కాకుండా బయటపడింది. సెన్సార్ కనెక్టర్ విప్పితే పిన్నుల మీద పచ్చని చిలుము పేరుకుని ఉంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది మామూలే. ఈ సెన్సార్‌లో వేడి పెరిగేకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గుతూ, చల్లని ఇంజన్‌లో రెండు వేల ఓములకు అటూ ఇటూ ఉన్నది కాగిన ఇంజన్‌లో రెండు మూడు వందలకు వస్తుంది. చిలుము చేర్చిన అయిదు వందల ఓములు పొద్దున పూట పెద్దగా తెలియవు, ఇంజన్ కాగాక మాత్రం లెక్కను తలకిందులు చేస్తాయి. అయినా 52 డిగ్రీలన్నది నమ్మదగిన విలువే కనుక ఈసీయూకు అనుమానం రాదు, కోడ్ పడదు. తీగ పూర్తిగా తెగి, తెర మీద మైనస్ 40 అని కనిపించే దాకా అది మాట్లాడదు. పిన్నులు కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి, వాటి మీద కొద్దిగా డైఎలెక్ట్రిక్ గ్రీజు రాస్తే కూలెంట్ విలువ 88కి వచ్చి నిలిచింది. సెన్సార్ మార్చనే లేదు.

అడాప్టర్ హద్దులు కూడా చెప్పాలి. ఇంజన్‌కు సంబంధించినవి తప్ప ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లోపాలను సాధారణ పద్ధతిలో ఇది చదవదు. కంప్రెషన్ తగ్గిందా అన్నది గేజీ పెట్టి చూడవలసిందే. చేల పక్క ఊళ్ళలో వానాకాలం బానెట్‌లో దూరే ఎలుకలు కొరికిన వైరును ఏ స్కానరూ చూపదు, టార్చిలైటే చూపుతుంది. సాకెట్‌లోని పదహారో పిన్నుకు తాళం తీసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. వాడనప్పుడు నిద్రలోకి జారే ఏర్పాటు దీనికి ఉన్నప్పటికీ, రోజుల తరబడి ఆగి ఉండే బండిలో దీనిని గుచ్చి వదిలేయకుండా తీసి డాష్‌బోర్డ్ అరలో పెట్టుకోవడం నా అలవాటు.

పదేళ్ళు దాటిన పెట్రోలు కారు ఉండి, షెడ్డుకు వెళ్ళేముందు అరగంట కూర్చుని అంకెలు రాసుకునే ఓపిక ఉన్నవారికి దీనిని నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. 5కు 4 మార్కులు ఇస్తున్నాను. ఆ తగ్గించిన మార్కు పాత కె-లైన్ కారులో విలువలు నిదానంగా వచ్చినందుకు. కొన్న రోజునే, లైటు వెలగకముందే, బాగా ఉన్న స్థితిలో మీ కారు ట్రిమ్ ఎంత, కాగిన ఇంజన్ కూలెంట్ ఎంత, ఐడిలింగ్‌లో మానిఫోల్డ్ పీడనం ఎంత అన్నవి ఒక పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. నేను ఆ పని చేయకపోవడం వల్ల 18 అనే అంకె మా కారుకు ఎంత అసహజమో నిర్ధారించుకోవడానికి ఒక వారం పట్టింది.